ముచుకుందుని వరము

వికారాబాదు నుండి తాండూరు పోవు బాటలో, ఊరు దాటిన కొంతసేపటికే అడవి చిక్కనై, గాలి చల్లబడి, బండి మలుపులు తిరుగుచు అనంతగిరి కొండ నెక్కును. ఇచ్చట అనంతపద్మనాభుని ఆలయము కలదు. ఇచ్చటనే మూసీ నది పుట్టును. ఆ నదికి ముచుకుంద యను పురాణనామము కలదనియు, మాంధాత కుమారుడైన ముచుకుంద మహారాజు యుగముల తరబడి నిద్రించిన గుహ ఈ కొండలలోనిదే యనియు స్థలపురాణము చెప్పును. దేవాసుర సంగ్రామమున దేవతల పక్షమున చిరకాలము పోరాడి, కుమారస్వామి సేనాధిపత్యము వహించిన పిమ్మట సెలవు గైకొనుచు, వరము కోరుకొమ్మన్న దేవతలను ఆ రాజు రాజ్యము నడుగలేదు, ఐశ్వర్యము నడుగలేదు, నిద్ర నడిగెను; నిద్రకు భంగము కలిగించినవాడు తన చూపు సోకిన తోడనే భస్మము కావలెనన్నది ఆ వరమునకు చేర్చిన షరతు. కాలయవనుడు శ్రీకృష్ణుని వెన్నంటి వచ్చి, చీకటిలో పడియున్నవాడు కృష్ణుడే యని భ్రమసి, కాలితో తన్ని బూడిద యగుట మనమందఱము బాల్యమున విన్న కథయే.

నాకు మాత్రము ఈ కథ విన్నపుడెల్ల కాలయవనుని బూడిద మీదికంటె ముచుకుందుని వీపు మీదికే మనసు పోవును. అన్ని యుగములు రాతినేల మీద, ఒత్తిగిలించువారు లేక, పక్క మార్చువారు లేక పడియున్నవాని నడుమును, మడమలును, ఱెక్కల యెముకలును ఏ స్థితిలో నుండవలెనో, మంచము పట్టిన మనిషికి పట్టుమని పక్షము దినములు పరిచర్య చేసిన యిల్లాలు ఎవ్వరైన చెప్పగలరు. లేచి నిలిచి స్వామిని స్తుతించెనని పురాణము చెప్పుచున్నది కాని, లేచుటకు ఎవ్వరైన చేయూత నిచ్చిరా యని చెప్పదు. దేవతల వరము గనుక చెల్లినది. మనుష్య చర్మమునకు ఆ వరము చెల్లదు. అయినను మన యిండ్లలో మంచమున పడినవారికి, అందులోను మనము మిక్కిలి ప్రేమించువారికి, తెలియకయే దీనినే ప్రసాదించుచున్నాము: కదల్పవలదు, లేపవలదు, హాయిగా పండుకొననిండు.

ఆరోగ్యవంతుడు నిద్రలో నిశ్చలుడై యుండుననుట మన భ్రమ. రాత్రి పొడుగునను అతడు ఎడమకు, కుడికి ఒత్తిగిలుచు, మోకాలు ముడుచుచు, చేయి తలక్రింద పెట్టి తీయుచు, తన బరువును ఒకచోట నిలువనీయక మెదలుచునే యుండును. ఒకచోట రక్తపు రాకపోక ఆగినంతనే అచ్చటి నరములు లోలోన మొఱ పెట్టుకొనగా, మేలుకొనకయే దేహము ఆ మొఱ నాలకించి సర్దుకొనును. తెల్లవారిన పిదప ఇందులో ఒక్కటియు జ్ఞప్తి యుండదు. పక్షవాతము చేతనో, వెన్నెముక విఱుగుట చేతనో, ముసలితనపు నీరసము చేతనో, మత్తుమందు చేతనో ఆలకించువాడు లోపల లేకపోయిననాడు గాని, ఇంతకాలము మనకు తెలియకయే మనకొక పరిచారకుడు ఉండెనని తెలిసిరాదు.

తాండూరు ప్రాంతమున ఇంటి ముంగిళ్లలో నాపబండలు పఱచుట సామాన్యము. పచ్చిక మీద పడవేసిన బండ నొకదానిని కొన్నాళ్లకు ఎత్తి చూచినచో, క్రింది గడ్డి పాలిపోయి నేల కంటుకొని యుండును కాని చచ్చి యుండదు. వెంటనే తొలగించినచో మరల పచ్చబడును. ఋతువు గడచిన పిదప తొలగించినచో అచ్చట ఒట్టి మన్ను మిగులును. ఎముకకును పరుపునకును నడుమ చిక్కిన మాంసపు గతి ఇదియే. కాని గడ్డికి వారములు పట్టు పని మాంసమునకు గంటలలో ముగియును. మన కేశనాళికలలో రక్తమును నడపు ఒత్తిడి ఎంత స్వల్పమో 1930లో లాండిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, గోటిమొదళ్ల నాళికలలో అతి సూక్ష్మమైన గాజుగొట్టమును చొప్పించి, కొలిచి చూచెను. ధమనుల వైపు కొనయందు అది సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసము మాత్రమే. మనిషి మనిషికి అది మాఱును గనుక ఆ అంకెను శిలాశాసనముగ పట్టుకొనరాదు. అయినను గట్టి పక్క మీద వెల్లకిల పరుండినవాని త్రికాస్థి క్రిందను, మడమల క్రిందను పడు ఒత్తిడి దానిని అవలీలగా మించునన్న మాట నిజము.

ఈ నాశము చర్మము నుండి మొదలై లోనికి పోవునని తలచుట సహజము. తఱచుగా జరుగునది దీనికి విపర్యయము. చర్మము మొండిది, కండ సుకుమారము. ఎముక నానుకొనియున్న కండ ముందుగా చచ్చును. పైకి రూపాయి బిళ్లంత మచ్చ కనబడునాటికి లోపల పిడికిలి పట్టునంత బొఱియ సిద్ధమై యుండును. దీనికి మూత్రపు తడియు, చెమటయు, దుప్పటి ముడుతలును తోడగును. అన్నిటికంటె మోసకారిది, రోగికి సుఖముగా నుండునని వీపు వెనుక దిండ్లు పేర్చి చేరగిలబెట్టుట: దేహము మెల్లమెల్లగా క్రిందికి జాఱును, చర్మము పక్క నంటుకొని పైననే నిలుచును, ఆ రెంటి నడుమ సన్నని నాళములు సాగి, మెలితిరిగి, మూతపడును. చూచువారికి మాత్రము రోగి రాజఠీవితో కూర్చున్నట్లు కనబడును.

ముచుకుందుడు నిద్రించిన కొండమీదనే నిజాము ప్రభుత్వ కాలమున క్షయరోగుల వైద్యశాల వెలయుట కాకతాళీయమే కావచ్చును. కాని నిద్రకును, విశ్రాంతికిని ఈ కొండ ఏదో పట్టా పొందినదని నేను సరదాగా అనుకొనుచుందును. మందులేని రోగమునకు విశ్రాంతియే మందని ప్రపంచమంతయు నమ్మిన కాలమది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడువఱకును, ఆ తరువాత అది మన పల్లెలకు చేరువఱకును, క్షయకు కొండగాలియు, పాలును, గ్రుడ్లును, కదలని పడకయు తప్ప వేఱు గతి లేకుండెను. మాటాడవలదు, బిగ్గరగా నవ్వవలదు, చేతులు పైకెత్తవలదు అను నియమములు గల వైద్యశాలలు పాశ్చాత్య దేశములలో నుండెను. వెన్నెముకకు క్షయ సోకినవారిని ప్లాస్టరుతో పోసిన తొట్లలో నెలల కొలది వెల్లకిల పరుండబెట్టిరి. ఆ వైద్యులను నిందించుట నా ఉద్దేశము కాదు; చేతిలో మందు లేనివాడు చేయగలిగినది చేసెను.

ఈ విశ్రాంతి సిద్ధాంతమును పడగొట్టిన ప్రయోగము సముద్రముల కావల కాక మన పొరుగున మద్రాసు నగరముననే జరిగినది. 1956లో ఆరంభించి, అచ్చటి బీద క్షయరోగులలో కొందఱిని శానిటోరియములో పరుండబెట్టి, కొందఱిని ఇండ్లలోనే యుంచి, ఉభయులకును అవే మందులు ఏడాది పాటు ఇచ్చి చూచిరి. 1959లో ఫలితములు వెలువడినవి. ఇరుకు గదులలో, చాలీచాలని తిండితో, పనిపాటలు చేసికొనుచు మందు మ్రింగినవారు, మంచి పరుపులపై విశ్రమించిన వారితో ఇంచుమించు సమానముగనే కోలుకొనిరి. అంతకు మునుపే, 1947లో, రిచర్డ్ ఆషర్ అను ఆంగ్ల వైద్యుడు, పడకయందు పరుండుటయే ఒక ప్రమాదమని వైద్యపత్రికలో వ్యాసము వ్రాసి, చర్మము మొదలుకొని చిత్తము వఱకు అది చెఱచు అవయవముల నన్నిటిని వరుసగా పేర్కొనెను. ఆనాటి నుండి వైద్యశాలలు రోగులను శస్త్రచికిత్స జరిగిన మఱునాడే లేపి నడిపించుట నేర్చుకొన్నవి. వైద్యులు విడిచిన వరమును మన యిండ్లు మాత్రము ఇంకను విడువలేదు.

మంచము పట్టినవారిని ఇంటింటికి పోయి చూచుటకు మన రాష్ట్రమున ‘ఆలన’ యను పేర వాహనములు తిరుగుచున్నవి. అట్టి పనిలో నున్న యొక నర్సమ్మ వెంట తాండూరు వైపు ఒక పల్లెకు పోయినపుడు, ఈతచెట్టు మీదినుండి పడి నడుము క్రింద స్పర్శ కోల్పోయిన గీతకార్మికు నొకనిని చూచితిని. వాకిట కందులు ఆరబోసి యున్నవి. లోపల నులకమంచము మీద జంపఖానా, దానిపై పాత దుప్పటి, దానిపై అతడు. ముసలితల్లి తలాపున కూర్చుండి, కరెంటు పంకా తిరుగుచున్నను నమ్మక, విసనకఱ్ఱతో విసరుచున్నది. నర్సమ్మ దుప్పటి తీయబోగా ఆమె చేయి పట్టుకొన్నది.

“గిప్పుడే కన్నంటుకుంది బిడ్డా. కదుపకు, పండుకోనియ్యి.”

“ఆయన పండుకుంటె పండుకోనియ్యవ్వా, పుండు మేలుకోనున్నది గద!”

ఒక ప్రక్కకు త్రిప్పి చూచునప్పటికి నడుము దిగువన పుండు నోరు తెఱచి యుండెను. నర్సమ్మ పట్టుకారుతో లోపలినుండి తడిసిన గాజుగుడ్డను లాగుచుండగా అది వచ్చుచునే యుండెను, అంత పొడుగు గుడ్డ అంత చిన్న రంధ్రములో ఎట్లు పట్టెనో నాకు అంతుపట్టలేదు. అతనికి నొప్పి లేదు. స్పర్శయే లేనివానికి నొప్పి యెక్కడిది? అతని బాధ వేఱు. చూడవచ్చిన చుట్టములు లోపలికి రాక గడప దగ్గఱనే పీట వేసికొని కూర్చుండుటను బట్టి తన దేహము నుండి వాసన వచ్చుచున్నదని అతడు గ్రహించెను. నర్సమ్మ మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా నూఱి, పుండు కడిగిన పిదప ఆ పొడి చల్లి కట్టు కట్టెను. రెండు మూడు దినములలో వాసన తగ్గును, చుట్టములు గడప దాటుదురు, అని చెప్పెను.

పిదప ఆమె అతని తుంటి మీద తన చేతి వెలుపలి భాగము నానించి చాలసేపు ఉంచుట చూచి ఎందుకని అడిగితిని. పాఠ్యపుస్తకములు ఎఱుపును చూడుమని చెప్పును. ఆ పుస్తకములు తెల్లని మేను చూచి వ్రాసినవి. ఎండలో పనిచేసి నల్లబడిన మన మేని మీద ఎఱుపు కనబడదు. చుట్టుప్రక్కల కంటె ఒకచోట వెచ్చగానో, చల్లగానో తగులుట, గట్టిపడుట, మెత్తబడుట, నలుపు మఱింత చిక్కనై ఊదాచాయ తిరుగుట, ఇవి ఆనవాళ్లు. కన్ను చెప్పలేనిది చేయి చెప్పవలెను. ఈ ఆనవాళ్లలో ఏదైన తగిలినచో ఆ పక్కను ఇక ఒత్తిడికి గుఱిచేయరాదు.

పాత నూలుచీర నొకదానిని నాలుగు మడతలు వేసి అతని నడుము క్రింద పఱపించి, దాని చెఱగులు పట్టి, ఒంటిచేతి మీద అంతటి మగవానిని ఎట్లు ఒరిగించవచ్చునో ఆమె అతని భార్యకు చూపెను. లాగరాదు, ఎత్తి జరుపవలెను. లాగినచో చర్మము పక్కను పట్టుకొని చిరుగును. పూర్తిగా ప్రక్కకు త్రిప్పి తుంటి యెముక మీద నిలుపరాదు, వీపు వెనుక దిండు పెట్టి కొంచెము వాలుగా నుంచవలెను. మోకాళ్ల నడుమ నొక దిండు, పిక్కల క్రింద నొకటి. మడమలు దేనికిని తగులక గాలిలో నుండవలెను. ఎవరో ఇచ్చిన రబ్బరు ట్యూబు చుట్టను ఆమె మంచము క్రిందికి త్రోసివేసెను. అది నడుమ ఒత్తిడి తప్పించి చుట్టును రక్తమును అడ్డగించును. స్పిరిటుతో రుద్ది పౌడరు చల్లుట ఒకప్పుడు నర్సులకు నేర్పిన విద్యయే. స్పిరిటు చర్మము నెండబెట్టుననియు, కందినచోట రుద్దుట లోపలి కండను మఱింత నలుపుననియు తెలిసిన పిదప దానిని విడిచిరి.

ఉపేక్ష యనగానే మనకు ద్వేషము స్ఫురించును: ఆస్తి పంచుకొని తల్లిని కొట్టములో పడవేసిన కొడుకులు జ్ఞప్తికి వత్తురు. అట్టివారు లేకపోలేదు. వారి నిమిత్తము 2007లో పార్లమెంటు చట్టము చేసి, తల్లిదండ్రుల పోషణ యనగా అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము అని నిర్వచించినది. ఒత్తిగిలించుట యను పద్దు అందులో లేదు, ఏ మేజిస్ట్రేటును రాత్రి రెండు గంటలకు వచ్చి చూడజాలడు. కాని నేను చూచిన పడకపుండ్లలో పెక్కు ప్రేమగల యిండ్లలోనివే. ఆ యిండ్లలో రోగికి పండ్లరసము వేళ తప్పదు. కాళ్లు పట్టువారు ఉందురు, మ్రొక్కులు మ్రొక్కువారు ఉందురు. ప్రేమకు చూపు ముఖము మీద నుండును, పుండు వీపున పుట్టును. అదియును సిగ్గుపడు చోట పుట్టును. కన్నతల్లి నడుము దిగువను కొడుకు చూడరాదు. మామగారి మైల బట్ట తొలగించి కోడలు పరికింపరాదు. ఎదిగిన కూతురు తండ్రి తొడలు చూడరాదు. వావివరుసలు మనకు నేర్పిన ఈ మర్యాదలన్నియు గట్టి కాళ్లమీద నిలిచి తిరుగువారి కొఱకు ఏర్పడినవి. మంచము పట్టినవారి పట్ల అవి గోడలై, దుప్పటి నెవ్వరును తొలగింపక, పుండు వాసనయై బయటికి వచ్చువఱకు ఇంటిల్లిపాదియు మర్యాదగా వేచియుందురు.

ప్రభువుల ఇండ్లయందును ఇంతే. ఆంబ్రోయిజ్ పారె అను ఫ్రెంచి శస్త్రవైద్యుడు 1569లో, తుపాకి దెబ్బకు తొడ యెముక విఱిగి పడియున్న యొక ప్రభువును చూడబోయి, ముట్టుకొన్నచో నొప్పి పుట్టునను భయమున సేవకులు చిరకాలముగా పక్క దుప్పటియైన మార్చలేదనియు, పిరుదున పుండు పుట్టినదనియు కనుగొనెను. ఆయన చేసిన మొదటి వైద్యము మందు కాదు: ప్రక్కన మఱియొక మంచము వేయించి, శుభ్రమైన దుప్పట్లు పఱపించి, రోగి నందులోనికి మార్పించి, పుండు పక్కకు తగులకుండ మెత్తని చిన్న దిండు అమర్చెను, పిదప వాద్యగాండ్రను, విదూషకుని పిలిపించెను. మూడువందల యేండ్లు గడచిన పిదప కూడ, పారిస్ నగరమున షార్కో అంతటి నరవైద్య పండితుడు, ఈ పుండ్లు నరముల చెడుగు వలన వానియంతట నవి పుట్టుననియు, వాని నాపుట మనిషి తరము కాదనియు బోధించెను. ఆ కాలముననే ఫ్లోరెన్స్ నైటింగేల్, 1859 నాటి తన గ్రంథమున, పుండు పడినచో తప్పు సామాన్యముగా రోగముది కాదు, పరిచర్యది అని తేల్చి చెప్పెను. పండితునికంటె పరిచారిక సత్యమునకు సమీపమున నుండెను.

ఆ సత్యమును పూర్తిగా నిరూపించినవాడు లుడ్విగ్ గుట్‌మన్. జర్మనీలో యూదుడై పుట్టి, హిట్లరు బాధకు తాళలేక 1939లో ఇంగ్లండునకు వలసపోయిన ఈ వైద్యునికి 1944లో స్టోక్ మాండెవిల్ అనుచోట వెన్నెముక విఱిగిన సైనికుల వార్డు నప్పగించిరి. అట్టివారు పుండ్లచేతను, మూత్రపు చీముచేతను త్వరలోనే చనిపోవుదురని అందఱును ఒప్పుకొని కూర్చుండిన రోజులవి. గుట్‌మన్ రాత్రింబవళ్లు రెండేసి గంటల కొకమాఱు ప్రతి రోగిని త్రిప్పవలెనని శాసించి, ఆ శాసనము జరుగుచున్నదో లేదో చూచుటకు తానే రాత్రులు వార్డులో తిరిగెను. చావవలసిన సైనికులు బ్రతికిరి. 1948లో వారిచేత ఆయన ఆడించిన విలువిద్య పోటీలే నేటి పారాలింపిక్ క్రీడలకు మూలము. అయినను శత్రువు ఓడిపోలేదు: సూపర్‌మాన్ వేషధారి క్రిస్టఫర్ రీవ్, గుఱ్ఱము మీదినుండి పడి మెడ క్రింద చచ్చుబడి, సకల సేవల నడుమ జీవించియు, 2004లో చీము పట్టిన ఇట్టి పుండుకు చికిత్స పొందుచుండగనే కన్నుమూసెను.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పుచు వైద్యునికి, ఔషధమునకు, రోగికి తోడు పరిచారకునికి ఒక పాదము నిచ్చి, అతనికి ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శుచిత్వము అను నాలుగు గుణములు విధించెను. అనురాగము మూడవది. మొదటి రెండును లేక అనురాగము మాత్రము కలవారే మన యిండ్లలో మెండు; ముసలితల్లి విసనకఱ్ఱ జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ మొదటి రెండింటిని నేర్పువారు మాత్రము ఆస్పత్రి నుండి ఇంటికి పంపునపుడు కాగితము మీద మందుల పేర్లు వ్రాసియిత్తురే గాని, చీర మడత పెట్టి చూపరు. రాత్రి పనికి మనుషులెవరన్న ప్రశ్నను ఎవ్వరును అడుగరు. ఆ గీతకార్మికుని భార్య పగలు కూలికి పోవలెను, తల్లికి బలము లేదు, కొడుకు బడికి పోవు పిల్లవాడు. నర్సమ్మ సెల్‌ఫోనులో గంట పెట్టించి, ఎడమ, కుడి అను వరుసను బలపముతో గోడమీద వ్రాయించి, కొన్నాళ్లు పిల్లవాడు ఒకమాఱు, వాని తల్లి ఒకమాఱు లేవవలెనని పంపకము చేసెను. గాలి పోసి దింపు ఆల్ఫా పరుపు వచ్చినచో కొంత వెసులుబాటు కలుగును. అయినను కరెంటు పోవు పల్లెలో దానినే నమ్ముకొనరాదని మఱి మఱి చెప్పెను.

కట్టు ముగిసి, తిండి మాట వచ్చినది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అంతటి కంది పండు నేలమీద, ఆ కందులే ఆరబోసిన వాకిలి గల యింటిలో, అతనికి ముద్దపప్పు పెట్టి ఎన్ని నెలలైనదో! పప్పు తిన్నచో పుండు చీము పట్టునను నమ్మకము తెలుగునాట ఎంత బలమైనదో అందఱును ఎఱుగుదురు. జావయు, బీరకాయయు, మిరియాల చారును పథ్యము. నిజమునకు అంతటి పుండు దినదినమును దేహములోని మాంసకృత్తులను చెమ్మగా కార్చివేయుచుండును. పూడ్చుటకు సరకు లేనిచో ఎన్ని కట్లు కట్టినను గొయ్యి పూడదు. నర్సమ్మ ఈ మాట చెప్పగా, అంతవఱకు ఆమె చెప్పినదెల్ల తలయూపి ఒప్పుకొన్న ముసలితల్లి ఒక్కసారిగా ఎదురు తిరిగినది.

“పప్పు వెడితె చీము వడ్తది బిడ్డా. మా అత్త కాలం నుంచి గంతే.”

“చీము పప్పుతోని రాదవ్వా, పండుకున్నకాడ్నే పండుకునుడుతోని వస్తది.”

“గుడ్డు వెడ్త, పాలు వోస్త. పప్పు మాత్రం పుండు మానినంకనే.”

“పుండు మానాల్నంటేనే పప్పు గావాలె!”

ఇట్లు వారిరువురు ఒకరికొకరు తగ్గక వాదించుచుండగా, గోడవైపు తిరిగి పరున్న రోగి మెల్లగా అనెను: “మీ ఇద్దరి పంచాయితి తెగేదాక నాకు గా గుడ్డన్న పెట్టుండ్రి.”